అట్ట మీద ఆయిల్ మరక

పొద్దున్న లేవగానే తిహోమిర్ చేసే మొదటి పని, లారీ కింద పరిచిన అట్టముక్కను బయటికి లాగి చూడడం. ఆ రోజూ లాగాడు. నిన్న అరచేయంత ఉన్న ఆయిల్ మరక ఇవాళ పళ్ళెమంత అయింది. కాసేపు దానివంక గుడ్లప్పగించి చూసి, అట్టను మడిచి కట్టెల మీద పడేసి, షెడ్డు ముందున్న బల్ల మీద కూలబడ్డాడు.

"మళ్ళీ కారిందా?" అంది అతని భార్య దెసాంకా, కాఫీ తెచ్చి పక్కన పెడుతూ.

"కారక ఏం చేస్తుంది? నా చేత్తో బిగించిందేగా."

చలికాలంలో ఒక ఉదయం తిహోమిర్ కుడిచెయ్యి ఉన్నట్టుండి పడిపోయింది. ఆసుపత్రిలో పడుకోబెట్టి మందులిచ్చాక తిరిగి కదిలింది గానీ, మునుపటి చెయ్యి కాలేదు. చెంచా పట్టుకుంటుంది, గుండీ దగ్గరికి వచ్చేసరికి సతాయిస్తుంది. ఆ కొండల్లో ట్రాక్టరు మొండికేసినా లారీ మొరాయించినా జనం పరుగెత్తుకొచ్చేది ఈ షెడ్డుకే. అంతటి మేస్త్రి చలికాలమంతా మాసిన పైజమాలో కిటికీ పక్కన కూర్చుని, ఎవరైనా పలకరించడానికి వస్తే నిద్ర నటించాడు. గడ్డం గీసుకోవడం కూడా మానేశాడు.

మంచు కరుగుతుండగా అతని తమ్ముడు రదిసావ్ తన లారీని పక్కింటి ఓబ్రాద్ ట్రాక్టరుకు కట్టి లాగించుకొచ్చి షెడ్డు ముందు దింపాడు.

"ఇంజన్ ఆయిల్ తాగేస్తోంది అన్నా. దించి కట్టాల్సిందే."

"నా వల్ల కాదు. పట్నం తీసుకెళ్ళు."

"ఇంకొకడు చెయ్యి పెడితే దీన్ని లోయలోకి తోసేస్తాను. నువ్వు కడితే కట్టు, లేకపోతే ఇక్కడే తుప్పు పట్టనీ."

ఆ లారీ తప్ప రదిసావ్‌కు వేరే ఆధారం లేదు. జూన్ చివర్లో ఆ సెర్బియా కొండల మీద రాస్ప్‌బెర్రీ పళ్ళు పండితే ఊరి పళ్ళన్నీ అతని లారీలోనే కోల్డ్ స్టోరేజికి చేరాలి. ఒక్క పూట ఆలస్యమైతే అవి బుట్టలోనే నీరుగారిపోతాయి. అలాంటి లారీని తెచ్చి తన ముందు పడేస్తే తిహోమిర్ ఇక నిద్ర నటించలేకపోయాడు. గొణుక్కుంటూనే పైజమా విప్పి పని బట్టలు వేసుకున్నాడు.

ఇంజన్ కట్టడానికి వసంతమంతా పట్టింది. బరువు బోల్టులు ఎడమచేత్తో, చిన్నవి కుడిచేత్తో బిగించుకుంటూ, మధ్యమధ్య చేతిని బూతులు తిట్టుకుంటూ మొత్తానికి పూర్తి చేశాడు. ఆఖర్న ఆయిల్ పోసేటప్పుడు చెయ్యి వణికి కొంత ఇంజన్ మీద ఒలికింది. తుడిచినంత తుడిచాడు. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. ఓబ్రాద్ టోపీ తీసి గాల్లోకి విసిరాడు. రదిసావ్ పళ్ళతో కాచిన సారా, రకియా, సీసా తెచ్చాడు. అతని చేతికి సీసా చిక్కితే గ్లాసులు నిండి బల్ల తడవాల్సిందే. ఎవరు చాలన్నా "ఇంకొంచెం" అంటాడు. పులుసులో ఉప్పూ అంతే, పొయ్యిలో కట్టెలూ అంతే. అందుకే దెసాంకా అతన్ని తన వంటింట్లోకి రానివ్వదు.

ఆ సంబరం నిండా వారం నిలవలేదు. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు చాంబర్ నుంచి చుక్కలు మొదలయ్యాయి, రోజురోజుకూ ఎక్కువయ్యాయి. రేపటినుంచే పళ్ళు ఎక్కించాలి. కొండ దిగేదాకా ఇలాగే కారితే ఇంజన్ పట్టేస్తుంది, అంత పనీ బూడిదలో పోసినట్టే.

తిహోమిర్ కాఫీ ముట్టకుండానే లేచాడు.

"చాంబర్ దించి చూస్తాను. తప్పు నా చేతిదైతే ఇవాళే షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి ఓబ్రాద్‌కి ఇచ్చేస్తాను. కోళ్ళు పెట్టుకుంటానని ఎప్పణ్ణుంచో అడుగుతున్నాడు."

"ఆ కోళ్ళ కంపు నేను భరించలేను," అంది దెసాంకా. ఆ తాళం పడిందంటే పైజమా మళ్ళీ ఒంటిమీదికి వస్తుందని ఆమెకు తెలుసు.

తిహోమిర్ లారీ కింద తవ్విన రిపేరు గోతిలోకి దిగి ఆయిలంతా వంపి, బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. మొదటి బోల్టు కుడిచేతికి లొంగలేదు. ఎడమచేతికీ లొంగలేదు. చివరికి రెండు చేతులతో వేలాడితే గానీ కదల్లేదు. అప్పుడే అతనికి ఏదో తేడాగా అనిపించింది. చాంబర్ దించి బల్ల మీద బోర్లించాడు. చాంబర్‌కీ ఇంజన్‌కీ మధ్య వేయడానికి చాచక్ పట్నం నుంచి తెప్పించిన కార్కు ప్యాకింగ్ అంచుల్లోంచి బయటికి పిండుకొచ్చి ముక్కలైపోయింది. అంచు మీద స్టీలు స్కేలు ఆనించాడు. ప్రతి బోల్టు రంధ్రం దగ్గరా రేకు గుంట పడి ఉంది, రెండు రంధ్రాల మధ్య పైకి ఉబ్బి ఉంది. ఆ సందుల్లోంచే ఆయిల్ కారుతోంది. వదులై కారడం లేదు, అతిగా బిగించడం వల్ల కారుతోంది.

తర్వాత ఒక బోల్టును బల్లకున్న వైస్‌లో బిగించి, కుడిచేత్తో పానా పట్టుకుని, పళ్ళు బిగబట్టి, ఒంట్లో సత్తువంతా కూడదీసుకుని తిప్పాడు. ఓ పావు చుట్టు తిరిగాక చెయ్యి పట్టు జారిపోయింది.

"దెసాంకా," అని పిలిచాడు. "ఇలా రా. నా చెయ్యి దీన్ని ఇంతలా వంచగలదా, చూడు."

ఆమె రేకు చూసింది, అతని చెయ్యి చూసింది. "జన్మలో వంచలేదు."

"అదే చెప్తున్నా," అన్నాడు తిహోమిర్. తన చెయ్యి చేతకానిదని రుజువైనందుకు అంత సంతోషించిన మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆ ఇంటి చుట్టుపక్కల "ఇంకొంచెం" అనేవాడు ఒక్కడే ఉన్నాడు.

మధ్యాహ్నం రదిసావ్ ఖాళీ బుట్టలతో వచ్చాడు. బల్ల మీద చాంబర్ చూడగానే గుమ్మంలోనే ఆగిపోయాడు.

"దించేశావా? నాకోసం ఆగొచ్చుగా అన్నా."

"ఏ పానాతో బిగించావురా?"

"నేనా? నేనెందుకు..." అంటూ రదిసావ్ బుట్టలు సర్దడం మొదలుపెట్టాడు. అప్పటికే సర్ది ఉన్న బుట్టలవి.

"రదిసావ్. నీ మొహం నాకు ఇవాళ కొత్తా? ఏ పానాతో?"

"పెద్దదాంతో."

"ఒట్టి పానాయేనా?"

రదిసావ్ నేల చూశాడు. "బలం కోసం దాని పిడికి పైపు తొడిగాను."

"చాంబర్ బోల్టుకి పైపు తొడిగావా?" తిహోమిర్ గొంతు పెరిగింది. "ఇది చాంబర్‌రా. డబ్బా రేకు. దీన్ని రెండు వేళ్ళతో బిగిస్తారు. పైపు తొడగడానికి ఇదేమన్నా రైలు పట్టాలనుకున్నావా?"

"మొదటి రోజే చుక్కలు పడ్డాయి అన్నా. నువ్వు చూస్తావని, నువ్వు లేవకముందే వచ్చి అట్ట మార్చేసి కాస్త బిగించాను. మర్నాడు ఇంకా పడ్డాయి. ఇంకొంచెం బిగించాను. ఎంత బిగిస్తే అంత కారింది. చివరికి మార్చడానికి అట్టలు కూడా దొరకలేదు."

"మొదటి రోజు పడింది నేను పోసేటప్పుడు ఒలికిన ఆయిల్‌రా. పైనుంచి జారింది. మర్నాటికి దానంతటదే ఆగిపోయేది." తిహోమిర్ స్కేలును బల్ల మీద పడేశాడు. "నాతో ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"చెప్తే నువ్వు షెడ్డు మూసేస్తావు. నీ చెయ్యి పోయిందనుకుంటావు."

"నేను అనుకునే సంగతి సరే. నువ్వనుకున్నావుగా. నేను వదులుగా బిగించాననే కదా లారీ కింద దూరావు? నువ్వూ నమ్మలేదు."

దెసాంకా గుమ్మంలో నిలబడి మరిది వంక చూసింది, అబద్ధమైనా ఆడతాడేమోనని. రదిసావ్‌కు అబద్ధం రాలేదు.

"నమ్మలేదు అన్నా."

"మరి ఉన్న ఒక్క లారీ తెచ్చి నా చేతిలో ఎందుకు పెట్టావు?"

రదిసావ్ టోపీ తీసి చేతుల్లో నలుపుకున్నాడు. "పాడైతే పాడైందిలే అనుకునే తెచ్చాను. ఈ సీజను పోతే పోయింది, ఎవరి తోటలోనైనా పళ్ళు కోసుకుని బతుకుతాం అనుకున్నాం నేనూ మా ఆవిడా. నువ్వు పొద్దున్న లేచి పని బట్టలు వేసుకుంటే చాలనిపించింది."

ఓబ్రాద్ పెరట్లో కోడి కూస్తోంది. దెసాంకా ముఖం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది, కాఫీ పెట్టడానికని చెప్పి. తమ్ముడి మీద పొద్దుట్నుంచి కూడబెట్టుకున్న కోపమంతా ఎటు పోయిందో తిహోమిర్‌కు తెలియలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూపించడం ఇష్టంలేక చాంబర్ మీదికి వంగాడు.

"ఆ కర్ర దిమ్మ ఇటు తే," అన్నాడు. "అంచు కింద పెట్టి పట్టుకో. కదిలావంటే నీ వేళ్ళు నీ ఇష్టం."

ఎడమచేత్తో చిన్న సుత్తి పట్టుకుని, ఒక్కో గుంటనూ మెల్లగా కొట్టి లేపాడు. స్కేలు ఆనించి చూశాడు, మళ్ళీ కొట్టాడు. రదిసావ్ దిమ్మను రెండు చేతులా పట్టుకుని ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. అంచు చదునయ్యాక పాత కార్కు గీకి, గుడ్డతో తుడిచి, షెడ్డులో మిగిలి ఉన్న కొత్త ప్యాకింగ్ పరిచారు. గోతిలోకి దిగి చాంబర్ ఎత్తి పట్టుకోవడం రదిసావ్ వంతు. బోల్టులన్నీ వేళ్ళతో తొడిగాక తిహోమిర్ చిన్న పానా కుడిచేతిలోకి తీసుకున్నాడు. ఇటొకటి అటొకటి తిప్పుకుంటూ, కార్కు కొద్దిగా అణిగిందనిపించగానే ఆపేస్తూ, చుట్టూ బిగించుకొచ్చాడు. ఈ పనికి ఆ చేతిలో ఉన్న బలం సరిపోయింది.

"అయిపోయిందా?" అన్నాడు రదిసావ్. పెదవి దాకా వచ్చిన ఇంకో మాటను మింగేశాడని తిహోమిర్ గమనించాడు.

ఆయిల్ పోసి ఇంజన్ స్టార్ట్ చేశారు. అది బాగా వేడెక్కేదాకా నడవనిచ్చారు. ఈలోగా ఓబ్రాద్ కంచె మీదుగా తల పెట్టి, "ఏం మేస్త్రీ, షెడ్డు నాకేనా?" అని కేకేశాడు. "నీ కోళ్ళను వేరే చోట చూసుకోమను," అని లోపల్నుంచే జవాబిచ్చింది దెసాంకా.

ఇంజన్ ఆపి తిహోమిర్ గోతిలోకి దిగాడు. ఉతికిన తెల్లగుడ్డతో చాంబర్ అంచు చుట్టూ, ప్రతి బోల్టు తల కిందా నెమ్మదిగా తుడిచాడు. గుడ్డను వెలుతురులో పట్టుకుని ఒకసారి చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. పైకెక్కి తమ్ముడి ముందు నిలబడ్డాడు. గుడ్డ చూపించలేదు.

రదిసావ్ చూపు అన్న జేబు మీద పడింది. తర్వాత లారీ కిందికి పోబోయింది. ఒక మోకాలు సగం వంగింది కూడా. అంతలో తమాయించుకుని నిటారుగా నిలబడ్డాడు.

"బుట్టలు ఎక్కించనా?" అన్నాడు.

"ఎక్కించు."

రదిసావ్ బుట్టలు ఒక్కొక్కటే అందించాడు, తిహోమిర్ లారీ మీద నిలబడి అందుకున్నాడు. రెండు చేతులతోనూ అందుకున్నాడు. పని అయ్యాక రదిసావ్ సీట్లో కూర్చుని తలుపు వేసుకుని, కిందికి ఒక్కసారి కూడా చూడకుండా, ఊరి పళ్ళకోసం కొండమీదికి బయల్దేరాడు.