ఒక మూల కాలిన శాలువా

నేను ఒక శాలువాను. ఎవరి చలీ తీర్చడానికి నన్ను నేయలేదు. సభలో ఒకరి భుజాల మీద ఫొటో తీసేంతసేపు నిలవడానికి నేశారు. మరమగ్గం మీద, పాలిస్టర్ దారంతో, పట్టులా మెరిసే అబద్ధంగా పుట్టాను. అదే రంగు, అదే జరీ అంచుతో నాతోపాటు పుట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. మాలో ఒకరిని మరొకరి నుంచి వేరుగా గుర్తుపట్టే అవసరం ఎవరికీ రాదు. మనుషుల మర్యాద ఆ నమ్మకం మీదే నడుస్తుంది. ఇవాళ కప్పించుకున్నదాన్ని ఇంటికి తీసుకుపోయి బీరువాలో పెడతారు. రేపు మరొకరిని సన్మానించవలసి వస్తే అందులోంచే ఒకటి తీస్తారు. ఎవరిది ఎవరికి పోయిందని ఎవరూ అడగరు.

నన్ను మాత్రం గుర్తుపట్టవచ్చు. నాకొక మచ్చ ఉంది.

ఆ మచ్చ పెట్టింది నవనీత. విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం ఎం.ఏ. చదివే అమ్మాయి. ఆమె ఆచార్యుడు నరహరిరావు వ్యాసమొకటి పేరున్న పత్రికలో అచ్చయిందని శాఖలో సభ పెట్టారు. ఆయనకు కప్పడానికి విద్యార్థులందరూ కలిసి నన్ను కొన్నారు. మడతలు పోవాలని నవనీత హాస్టల్ గదిలో నన్ను ఇస్త్రీ చేసింది. పెట్టె వేడెక్కువై నా అంచు ఒక మూల గోరంత కరిగి, గట్టిపడి, ముడుచుకుపోయింది. ఆమె కంగారుపడింది. అదే గదిలో ఉండే సాజిదా, "సార్ శాలువా సూస్తడా, కెమెరా సూస్తడా? ఊకో" అని మచ్చ లోపలికి పోయేలా మడిచి ఇచ్చింది.

సభలో నవనీత నన్ను పళ్లెంలో పట్టుకుని వేదిక పక్కన నిలబడింది. అధ్యక్షుడు వ్యాసంలోని మొదటి వాక్యం చదివి వినిపించాడు: "క్షమించమని అడగనివాణ్ణి క్షమించడం క్షమ కాదు, అలసట."

ఆ వాక్యం నవనీతది. తాను రాసి, దిద్దమని ఆచార్యుడి చేతికిచ్చిన పేజీల్లోది. రెండో వాక్యమూ ఆమెదే. మూడోదీ ఆమెదే. చప్పట్లు మోగాయి. శాలువా కప్పమని మైకులో ఆమె పేరే పిలిచారు. ఆమె మెట్లెక్కి, తన ఆలోచనను ఎత్తుకుపోయిన మనిషికి తన చేతులతోనే నన్ను కప్పింది. ఆయన మెడ దగ్గర ఆమె వేళ్లు ఒక్క క్షణం ఎక్కువగా ఆగాయి. నా పగ అక్కడే పుట్టిందనుకుంటాను. వస్తువుకు పగ ఏమిటని మీరు అడగవచ్చు. దొంగతనం మీద కప్పిన గుడ్డకు మరేం పుడుతుందో నాకు తెలియదు.

వేదిక దిగాక ఆమె ఆయనను అడిగింది. నేనింకా ఆయన భుజాల మీదే ఉన్నాను కనుక విన్నాను. ఆయన తడబడలేదు.

"నీ పేరు వేస్తే ఎవరు చదువుతరమ్మా? నా పేరు మీద వచ్చింది కాబట్టి నీ ఆలోచన నలుగురి నోట్ల పడ్డది."

ఆ మాటను ఆయన ఆశీర్వాదంలా అన్నాడు. నిజంగా అలాగే అనుకున్నాడేమో కూడా. తనను తాను మోసగించుకోవడంలో చదువుకున్నవాళ్లకున్న నేర్పు నాబోటి నకిలీ పట్టుకు సైతం లేదు.

ఆయన భార్య నన్ను బీరువాలో, తక్కిన శాలువాల అడుగున పెట్టింది. ఆ చీకట్లో నాకు అప్పుడప్పుడు ఆయన గొంతు వినిపించేది. నిస్సంగత్వం గురించి ఎవరికో ఫోనులో ఉపన్యసించేవాడు.

ఏడాది తిరిగింది. ఈసారి సన్మానం నవనీతకు. పిహెచ్.డి.కి ఆమెకు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి ఇక్కడే, నరహరిరావు దగ్గర. ఫెలోషిప్ ఉంది, హాస్టల్ గది ఉంది, తరువాత శాఖలో ఉద్యోగం ఇప్పిస్తానన్న మాట ఉంది. రెండోది పుణెలో. అక్కడ ఆమెను ఎరిగినవారు లేరు, ఆమెకు ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. ఎక్కడ చేరేదీ ఆమె ఇంకా తేల్చుకోలేదు. అయినా ఆమె తన శిష్యురాలిగా కొనసాగుతుందని ప్రకటించడానికే ఆయన సభ పెట్టించాడు. పదిమంది ఎదుట కప్పిన శాలువాను కాదనడం కష్టమని ఆయనకు తెలుసు. ఆమె లేనిదే తాను మొదలుపెట్టిన పుస్తకం సాగదనీ తెలుసు. ఆ పొద్దున ఆయన భార్య, పాతవి ముందు పోవాలని, అడుగు నుంచి ఒకదాన్ని లాగి సంచిలో పెట్టింది. ఆమె లాగింది నన్నే.

ఆయన నన్ను నవనీతకు కప్పాడు. ఆమె అంచు సర్దుకుంటుంటే వేలికి మచ్చ తగిలింది. వేలు అక్కడే నిలిచిపోయింది. సభ ముగిసేదాకా ఆ మచ్చను తడుముతూ కూర్చుంది. మాట్లాడమంటే, సోమవారం పరిశోధక విద్యార్థుల సమావేశంలో మాట్లాడతానంది.

ఆదివారం ఆమె నన్ను ఉతికి హాస్టల్ మేడ మీద తీగకు ఆరేసింది. ఆరేస్తూనే సాజిదాకు తన ఆలోచన చెప్పింది. ఇక్కడే చేరుతుంది. ఆయన ఎదుటే కూర్చుని, రాసిన ప్రతి పేజీకీ సాక్ష్యం దాచుకుని, పట్టా చేతికొచ్చిన రోజున నిండు సభలో ఆయనను నిలదీస్తుంది. గాలికో, సంతోషానికో నేను తీగ మీద ఎగిరిపడ్డాను.

"అప్పటిదాంక?" అంది సాజిదా.

"అప్పటిదాంక ఊకుంట."

"ఊకుండుడు గాదే, రాస్తవు. ఆయన పుస్తకం రాస్తవు. నువ్వు దాన్ని పగ అంటున్నవు, ఆయన ఫెలోషిప్ అంటున్నడు. పని మాత్రం ఒక్కటే."

నవనీత బకెట్‌లోని తడి బట్ట ఒకటి తీసి, చాలాసేపు పిండుతూనే ఉంది. ఆ మనిషి అసలు ఈ భూమ్మీద లేకపోతే నువ్వు ఎటు పోదువని సాజిదా మళ్లీ అడిగింది. అప్పుడు నవనీత పుణె ఇంటర్వ్యూ సంగతి చెప్పింది. మీరు మార్చుకున్న అభిప్రాయం ఒకటి చెప్పండని అక్కడ అడిగారట. ఆమెకు వెంటనే ఏదీ తోచలేదట.

"ఆగిండ్రే. నేను ఆలోచిస్తుంటె ఎవ్వలు మాట్లాడలే. అందరు ఆగిండ్రు."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతు మారింది. నాకు భయం వేసింది. మంచి దారి కనబడగానే మనుషులు పగను దారి పక్కన వదిలేస్తారు. ఆ వదిలేయడానికి ఎదుగుదల అని పేరు పెట్టుకుంటారు. ఆమె ఎదగడం నాకు అక్కర్లేదు. ఆయన కూలడం కావాలి.

సోమవారం ఆమె నన్ను మచ్చ పైకి కనబడేలా మడిచి సమావేశానికి తెచ్చింది. శాఖలోని అధ్యాపకులూ పరిశోధకులూ కూర్చుని ఉన్నారు. నరహరిరావు ఆమెను తన కొత్త పరిశోధకురాలని పరిచయం చేసి, రెండు మాటలు చెప్పమన్నాడు.

"ఈ శాలువా పోయినేడు మేమందరం సార్‌కు కప్పినదే," అంది నవనీత. గొంతు పెంచలేదు. "ఈ మూల కాలింది నా చేతులనే. సార్ మళ్ల నాకే కప్పిండు. తీసుకున్నది తిరిగిచ్చే మనిషని నాకు ఇప్పుడే తెలిసింది. అట్లనే నా వ్యాసం గూడ ఇస్తే, పట్టుకొని పుణె పోత."

వెనక వరుసలో ఎవరో దగ్గారు. ఆ దగ్గు మెల్లగా నవ్వయింది. నవ్వు ఒక్కో వరుసా దాటి ముందుకు వచ్చింది. నవ్వినవాళ్లలో ఆయన కోసం ఏళ్ల తరబడి పేజీలు రాసినవాళ్లే ఎక్కువ. ఆయన కూడా నవ్వబోయాడు. పెదవులు కదిలాయి, నవ్వు రాలేదు.

నవనీత నన్ను ఆయన కుర్చీ వీపు మీద పరిచింది. తలుపు వైపు నడుస్తుంటే ఆయన లేచాడు.

"చిన్నపిల్లవు, మనసుల పెట్టుకోకమ్మా. క్షమ మీద అంత మంచిగ రాసినదానివి."

రాసింది ఎవరో అందరి ఎదుటా తన నోటే చెప్పానని ఆయనకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

"మీరు అడగలే సార్," అంది నవనీత. వెళ్లిపోయింది.

వ్యాసం మీద ఆయన పేరు ఇప్పటికీ అలాగే ఉంది. అచ్చయిన అబద్ధానికి ఆయుష్షు ఎక్కువ. ఆయన నన్ను ఇంటికి తెచ్చి మళ్లీ బీరువా అడుగుకు తోశాడు. పారేయడానికి ధైర్యం చాలలేదు. మరొకరికి కప్పే వీలు లేదు. ఆయన పదవీ విరమణ సభ జరిగిన సాయంత్రం నా మీదికి కొత్త శాలువాలు చేరాయి. అక్కడ జరిగింది వాటి నోటే విన్నాను. వేదిక ఎక్కిన ప్రతి విద్యార్థీ, కప్పేముందు, శాలువా నాలుగు మూలలూ ఆయన కళ్లెదుట తడిమి చూశాడట. ఆ శాఖలో ఇప్పుడది ఆచారమైందట.

నవనీతకు నేను గుర్తున్నానో లేదో తెలియదు. పగ ఆమెకు ఒక పూట పని. అది ముగించి తన చదువుకు తాను వెళ్లింది. ఆమె చేసింది సరైనదేనని ఈ చీకట్లో నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. అనిపించినంత మాత్రాన నేను మారలేదు.

ఏటా ఆయన భార్య బీరువాలో కలరా ఉండలు వేస్తుంది, పురుగులు మమ్మల్ని తినకుండా. నా వరకు అది వృథా. పాలిస్టర్‌ను ఏ పురుగూ ముట్టదు. ఎవరికైనా సన్మానం చేయవలసి వస్తే ఆయన ఇప్పుడు స్వయంగా వచ్చి, దీపం వేసి, ఒక్కో శాలువా మూలలు వేళ్లతో వెతుకుతాడు. నా మచ్చ తగలగానే చెయ్యి చటుక్కున వెనక్కి పోతుంది. ఆ క్షణంలో ఆయన ముఖాన్ని చూస్తాను. ఏదో అనబోయినట్టు ఉంటుంది. తలుపు మూస్తాడు.

క్షమించమని ఆయన ఇంతవరకూ అడగలేదు. పాలిస్టర్ అలసిపోదు.