ఎనిమిది సీట్ల బండి

"అత్తా, కుడికాలు ముందు పెట్టండి. ఆ కడ్డీ పట్టుకోండి. ఆ, అంతే" అంటూ భువనేశ్వరి వాళ్ళత్త తాయారమ్మను మౌంట్ రోడ్డు షోరూంలో నిలబెట్టిన మారుతి వ్యానులోకి ఎక్కించింది, దింపింది, మళ్ళీ ఎక్కించింది. మోకాళ్ళు పట్టేసిన మనిషి ఒక్కసారి ఎక్కితే చాలదు. గుడికెళ్ళి వచ్చాక, కాళ్ళు వాచాక కూడా ఎక్కగలగాలి. మైలేజీ గురించి చెప్పబోతున్న సేల్స్ అబ్బాయిని ఆగమని, తన ఆఖరిపిల్ల నివేదితను పిలిచి తలుపు పక్కకి లాగమంది. ఆరేళ్ళ పిల్ల రెండు చేతులతో లాగితే తలుపు జరిగింది. వేళ్ళు నలిగే చోటు ఎక్కడుందో తడిమి చూసింది. స్కూలు సంచులు సీటు కింద పడతాయా, వెనక ప్లాస్టిక్ బిందెలు ఒరిగిపోకుండా నిలబడతాయా అని చూసింది. నీళ్ళ లారీ రాని రోజున అయనావరంలో ఆడబిడ్డ అలివేలు ఇంటి బోరునుంచి నీళ్ళు తెచ్చుకోవాలి మరి. చెన్నైలో కాపురం చేసే ఆడది బిందెల సంగతి మరిచిపోయి బండి కొంటుందా? బానెట్ ఎత్తి చూసే మగవాళ్ళు కొంటారేమో.

అంతదాకా వాళ్ళకున్నది స్కూటరు. పెద్దాడు సతీష్ ముందు నిలబడి, రెండోవాడు దీపక్ మధ్యలో ఇరుక్కుని, నివేదిత ఒళ్ళో, తను సగం సీటు మీదా సగం గాల్లోనూ. పోయిన వానాకాలం పురసవాక్కం హైరోడ్డులో స్కూటరు జారి దీపక్ మోచెయ్యి చీరుకుపోయాక, ఇక బండి కొనాల్సిందేనని ఆమె భర్త కోదండరాం తేల్చేశాడు. అతను ఒక రంగుల కంపెనీలో లెక్కలు రాస్తాడు. కారొద్దు, వ్యాను కొందామన్నాడు. అక్కడితో ఆగకుండా, "నువ్వే చూసి ఎంచుకో భువనా. పిలకాయల సంగతి, అమ్మ సంగతి నాకేం తెలుసు?" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతని నోట అట్లాంటి మాట రావడం అదే మొదలు. వెట్ గ్రైండర్ కొన్నప్పుడు కూడా ఎంచింది అతనే. రుబ్బేది ఎవరయ్యా అని అప్పుడు ఎవరూ అడగలేదు.

అంతకన్నా పెద్ద విచిత్రం, డ్రైవింగ్ నేర్చుకోమని తనే వెంటపడ్డాడు. "నాకు స్కూటరు చాలు. స్టీరింగు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. నువ్వు నేర్చుకో" అన్నాడు. పొద్దున్నే ఇడ్లీ కుక్కరు పొయ్యి మీద పెట్టి, దించే పని అత్తకు అప్పజెప్పి, ఆమె రంగసామి డ్రైవింగ్ స్కూలుకు పరుగెత్తేది. "ఎన్నమా, క్లచ్చి మీద కాలేసి నిద్రపోతున్నావా?" అని రంగసామి కసురుకుంటే కూడా ఆమెకు నవ్వొచ్చేది. కీల్పాక్ వీధుల్లో తెల్లారి పాలవాళ్ళ సైకిళ్ళను తప్పించుకుంటూ మూడో గేరులో పోతుంటే, పుట్టి బుద్ధెరిగాక తన కాళ్ళూ చేతులూ తను చెప్పినట్టు వినడం అదే మొదటిసారి అనిపించేది. లైసెన్సు వచ్చినరోజు కోదండరాం ఆఫీసంతా మైసూర్‌పాక్ పంచాడు. కింద వాటాలో ఉండే పచ్చయమ్మ, "అట్టాంటి మొగుడు ఎవురికి దొరుకుతాడమ్మా" అని దిష్టి తీసినంత పని చేసింది. భువనేశ్వరి నమ్మింది. నమ్మకపోతే అనుమానం మనిషి అంటారు, నమ్మితే ఇట్లా అవుతుంది.

ఒక్క దగ్గరే మాటా మాటా వచ్చింది. అయిదు సీట్లది తీసుకుంటే వెనక చోటు మిగులుతుంది, బిందెలకీ సంచులకీ బాగుంటుంది అని ఆమె అంది. అంతదాకా "నీ ఇష్టం, నీ ఇష్టం" అంటున్న మనిషి ఒక్కసారి బిగుసుకున్నాడు. "కాదు. ఎనిమిది సీట్లదే. నలుగురు వస్తుంటారు, పోతుంటారు" అన్నాడు. సరేలే, రంగు తను ఎంచుకున్నదే కదా అని ఊరుకుంది. తెల్లది కాదు, నీలం.

ఆమెకు ఉద్యోగం ఉంది. ధర్మలింగం డాక్టరుగారి నర్సింగ్ హోములో ల్యాబ్ టెక్నీషియన్. మేడమెట్ల కింద చిన్న గది, ఒక మైక్రోస్కోపు, ఒక స్టూలు. ఇంట్లో పొద్దున్నుంచీ "అమ్మా నా సాక్సు", "భువనా నా టవలు", "ఏమ్మే, నా మాత్ర" అన్న కేకల మధ్య ముక్కలు ముక్కలైపోయే మనిషి, ఆ స్టూలు మీద కూర్చుని కంటిని కటకానికి ఆనించగానే ఒక్కటిగా అయ్యేది. చలిజ్వరంతో వచ్చినవాళ్ళ రక్తం చుక్కను గాజుపలక మీద పరిచి, రంగేసి, క్రిమికోసం ఓపిగ్గా వెతికేది. కనపడగానే డాక్టరు గదికి వెళ్ళి "మలేరియా సార్" అనేది. ఆయన వెంటనే మందు రాసేవాడు. నిజమా అని అడిగేవాడు కాదు, ఇంకొకరితో చూపించేవాడు కాదు. ఆమె మాటకి ఎదురుప్రశ్న లేని చోటు ఈ లోకంలో అదొక్కటే. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారని భయం.

వ్యాను చేతికొచ్చే వారంలోనే, సోమవారం పొద్దున, ఆమె వెళ్ళేసరికి ఆ స్టూలు మీద ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. లేచి నిలబడి, "పొన్నుతాయి మేడం. మీ దగ్గర పని నేర్చుకోమన్నారు" అంది. సహాయానికి మనిషిని వేశారన్న సంబరంతో భువనేశ్వరి నేరుగా డాక్టరు గదికి వెళ్ళింది.

"రామ్మా, రా. అంతా సంతోషమే" అన్నాడు ధర్మలింగం. చిత్తూరు పక్కనుంచి వాళ్ళ తాతల కాలంలో వచ్చిన కుటుంబం, కోదండరాంతో తెలుగువాళ్ళ సంఘం మీటింగుల్లో పరిచయం. "మొన్న పెళ్ళిలో కోదండరాం చెప్పినాడు. నెలాఖరుకి మానుకుంటున్నావంట గదా. మీ పిలకాయలు, అలివేలు పిలకాయలు, మీ ఆయన మేనేజరు పిలకాయలు, అందర్నీ నువ్వే స్కూల్లో దించి తెస్తావంట. ఆడమనిషి బండి తోలితే పిలకాయలకి బెదురుండదు. మంచి పని."

"నేను చెప్పలేదే సార్."

"ఆయన చెప్పినాడు కదమ్మా" అన్నాడు డాక్టరు. ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. ఇన్నేళ్ళుగా ఎవరి రక్తంలో ఏముందో ఆమె చెప్తే నమ్మిన మనిషి, ఆమె ఉద్యోగం సంగతి మాత్రం ఆమెను అడగాలని అనుకోలేదు.

"నేను మానుకోవడం లేదు సార్."

డాక్టరు ఇబ్బందిగా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మీ ఇంటి గొడవలోకి నన్ను లాగొద్దమ్మా. ఆయనొచ్చి వద్దని ఒక్క మాట చెప్తే ఈ పిల్లని మా తమ్ముడి ల్యాబుకి పంపించేస్తా. ఆయన నోటితోనే రావాల. రేపు నామీద మాట రాగూడదు."

ఇంటికొచ్చే దారంతా ఆమె బుర్రలో ఆ బండి సీట్లే తిరిగాయి. తన ముగ్గురు, అలివేలు ఇద్దరు, మేనేజరు ఇద్దరు, స్టీరింగు ముందు తను. ఎనిమిదీ నిండిపోయాయి. అత్తను అన్నిసార్లు ఎక్కించి దింపి చూసిందే, ఆ అత్తకు కూడా అందులో చోటు లేదు. నలుగురు వస్తుంటారు పోతుంటారు అన్నది ఇదన్నమాట. మైసూర్‌పాక్ తిని ముందుగా అభినందించింది మేనేజరే అయుంటాడు. ప్రేమగా నేర్పించాడనుకుంది, జీతం లేని డ్రైవర్ని తయారు చేసుకున్నాడు. అదీ ఆమె నీలం రంగు ఎంచుకుని మురిసిపోతున్నప్పుడు! నడిరోడ్డు మీద ఏడుపొచ్చింది. ఎవరన్నా చూస్తారని కొంగు అడ్డం పెట్టుకుంది. తను ఏం తప్పు చేసిందని దాక్కోవడం అని మళ్ళీ తనమీదే ఒళ్ళు మండింది.

సాయంత్రం కాఫీ గ్లాసు చేతికిచ్చి అడిగింది. కోదండరాం తడబడలేదు.

"దాచిందేముంది? బండొచ్చినాక చెప్దామనుకున్నా."

"డాక్టరుతో చెప్పినారు, మేనేజరుతో చెప్పినారు, అలివేలుకి చెప్పినారు. నన్ను ఒక్క మాట అడగలేదే."

"అడిగితే వద్దంటావు గదా" అన్నాడు, అదేదో ఆమె తప్పయినట్టు. "ఈసారి ప్రమోషను లిస్టు మా మేనేజరు గురుప్రసాద్ సార్ చేతిలో ఉంది. ఆయన భార్య బస్సులో పిలకాయల్ని పంపించలేక అవస్థ పడతా ఉంది. మనం చేసిపెడితే ఏం పోతుంది? ఎవరికోసం, మన పిలకాయల కోసమే గదా."

పక్కన చిక్కుడుకాయలు వలుస్తున్న తాయారమ్మ అందుకుంది. "పోనీలే తల్లీ. పరాయోళ్ళ రక్తమూ గిక్తమూ ముట్టుకునే పని. ఇంటిపట్టున ఉండి పిలకాయల్ని చూసుకో."

"రేపొచ్చి డాక్టరుగారితో ఒక్క మాట చెప్పండి. అంతే నేనడిగేది."

"ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటే నా మర్యాద ఏం గాను?" అన్నాడు కోదండరాం. గ్లాసు కింద పెట్టి టీవీ పెట్టుకున్నాడు. అతను అబద్ధమాడి ఉంటే ఆమె ఇంత నలిగేది కాదు. వద్దంటుందని తెలుసు. తెలిసే చేశాడు. ఆ వారమంతా ఆమెకు అన్నం సయించలేదు. అయినా వంట ఆగలేదు, పొన్నుతాయికి సూది ఎట్లా పట్టాలో నేర్పడం ఆగలేదు. ఆ పిల్ల చెయ్యి మంచిది. ఆ పిల్లమీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

శుక్రవారం సాయంత్రం వీధి చివర వినాయకుడి గుడి ముందు బండికి పూజ. గంధం, కుంకుమ, ముందద్దానికి మల్లెదండ. అలివేలు పిల్లలతో వచ్చింది. గురుప్రసాద్, ఆయన భార్య, వాళ్ళ పిల్లలిద్దరూ వచ్చారు. అయ్యరు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "తోలండి" అన్నాడు. తోలడం వచ్చిన మనిషి ఆ గుంపులో ఒక్కతే ఉంది. భువనేశ్వరి ఎక్కి, క్లచ్చి నెమ్మదిగా వదిలి, బండిని ఒక్క కుదుపు లేకుండా ముందుకు తీసుకుపోయింది. "సూపర్ మా!" అని సతీష్ ఎగిరాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆమె దిగింది. గురుప్రసాద్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "శెభాష్ మేడం. సోమవారం నించి మా పిల్లలు మీ చేతిలో. కోదండరాం మాటంటే మాటే."

ఇంటినుంచి బయల్దేరినప్పుడు ఆమె మనసులో ఏమీ అనుకోలేదు. ఆ చివరి మాట వినపడ్డాకే అంతా తేటపడింది. చాలా మర్యాదగా, డాక్టరు ఆరోజు మాట్లాడినంత చల్లగా అంది.

"మీకొక సంగతి చెప్పాల సార్. ఈ నెలాఖరుకి మావారు మీ ఆఫీసు మానుకుంటున్నారు. బండి నేర్చుకుని పిలకాయల్ని ఆయనే దించి తెస్తారు. ఆయన జాగాలో ఇంకొకర్ని చూసుకోండి."

గురుప్రసాద్ నవ్వు సగంలో ఆగింది. "ఏమయ్యా కోదండరాం? నాతో ఒక్క మాట కూడా అనలేదే? లిస్టు రేపే పంపించాలి."

"అయ్యో సార్, అదంతా ఏం లేదు సార్" అంటూ కోదండరాం చేతిలో ఉన్న ప్రసాదం కింద పారేసుకున్నాడు. భార్యవైపు తిరిగేసరికి మొహం ఎర్రగా కందిపోయింది. గుడి ముందు ఉన్నామన్నది కూడా మరిచిపోయి అరిచాడు. "నీకు పిచ్చి గాని పట్టిందా? నా ఉద్యోగం సంగతి, నన్నొక మాట అడక్కుండా నువ్వెట్టా చెప్తావు?"

అలివేలు పిల్లల తల నిమురుతూ నేల చూపులు చూసింది. తాయారమ్మ కొడుకునూ కోడలినీ మార్చి మార్చి చూసింది.

భువనేశ్వరి వ్యాను తలుపు పక్కకి లాగి పట్టుకుంది.

"ఎక్కండి. డాక్టరుగారు ఇంకా ఆస్పత్రిలోనే ఉంటారు. ఇప్పుడన్న మాటే నా ఉద్యోగం గురించి ఆయన దగ్గర కూడా అనండి."