తోక ఉన్న టిక్కులు

మా ప్రయోగశాలలో బరువైన అణుకేంద్రకాన్ని మరో బరువైన కేంద్రకానికేసి కొడతాం. రెండూ అతుక్కుని, మళ్లీ రెండు ముక్కలవుతాయి. కొన్ని పూర్తిగా కలిసిపోయాక చీలతాయి. ఆ ముక్కలకు తామెవరో గుర్తుండదు. కొన్ని కలిసినట్టే కలిసి, అర చుట్టు తిరిగి జారుకుంటాయి. వాటిలో పాత పోలికలు మిగులుతాయి. ఏ రకమో తేలని కొలతలను ఇద్దరు మనుషులు, ఒకరి కాగితం ఒకరు చూడకుండా, టిక్కులు పెట్టి తేల్చాలి. అది పెద్దసారు పెట్టిన నియమం.

ఆ ఇద్దరం అక్కా నేనూ. తొమ్మిదేళ్లు ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశాం. పోట్లాడని రోజు లేదు. అక్క ప్రతి టిక్కుకూ పొడుగ్గా తోక లాగేది.

"ఆ తోకతో ఎవర్ని కట్టేస్తావే?" అనేదాన్ని.

"నిన్నే" అనేది.

నాలుగు వందల కొలతలు మిగిలుండగా అక్క గుండెపోటుతో పోయింది. రెండో మనిషి కాగితాలు లేకపోతే మా ఇద్దరి పేర్లతో రావాల్సిన వ్యాసం రాదు. అక్క చివరి పని బుట్టదాఖలు కావడం నేను భరించలేకపోయాను.

అక్క పోయిన పదమూడో రోజు సాయంత్రం తన బల్ల మీద నింపిన కాగితం బోర్లించి ఉంది. మర్నాడు ఇంకొకటి. భయం వేసింది, అబద్ధమెందుకు, అంతకంటే సంతోషం వేసింది. నియమం నియమమే కనుక తిప్పి చూడలేదు. అలాగే మడిచి పెద్దసారు పెట్టెలో వేశాను.

పని పూర్తయ్యాక ఆయన పిలిచారు. బల్ల మీద రెండు కట్టలున్నాయి.

"గది కెమెరాలో చూశానమ్మా. పొద్దున నీ కుర్చీలో, మధ్యాహ్నం అక్క కుర్చీలో. రెండూ నువ్వే రాశావు."

మధ్యాహ్నాలు బల్ల మీద తల వాల్చి కునుకు తీశాననుకున్నాను.

"ఒక్కరే రాస్తే రెండూ ఒకేలా ఉండాలి కదా. నూటికి ఏడు తేడా వస్తున్నాయి. మీ ఇద్దరికీ ఎప్పుడూ ఉండే తేడానే" అన్నారాయన. "ఇద్దరు రాశారని సంతకం ఎలా పెట్టను?"

"అయితే మధ్యాహ్నం అక్కలా రాశానన్నమాట" అన్నాను.

ఆయన మధ్యాహ్నం కట్ట నా ముందుకు జరిపారు. పొట్టి టిక్కులు. ఒక్కదానికీ తోక లేదు. అది నా రాత.

పొద్దుటి కట్ట లాక్కున్నాను. అది నా బల్ల దగ్గర, ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసింది. ప్రతి గీతా గుర్తుంది. ప్రతి టిక్కుకూ పొడుగ్గా తోక ఉంది.

"సార్, మరి పోయింది ఎవరు?" అన్నాను.