ఆయిల్ చుక్క మీద ఒట్టు

బండ్ల మేస్త్రీ ఉస్తా శహ్హాత్ చేతికి జిఫ్తా ఊళ్ళో వంక పెట్టినవాడు లేడు. నోటికి మాత్రం చాలామందే పెట్టారు. ఏ బండి బాగుచేసి ఇచ్చినా గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఇది మళ్ళీ మొరాయిస్తే నా పెళ్ళాం తలాక్" అనేవాడు. కార్బొరేటర్ మీద అన్నాడు, క్లచ్ మీద అన్నాడు. బజార్లో టమాటాలు పుచ్చువి కావని, అడగని కూరగాయలవాడి తరఫున కూడా ఒకసారి అన్నాడు. ఆ ఊరి మగవాళ్ళలో సగం మందికి అది ఊతపదం. వినేవాళ్ళు దాన్ని దగ్గులా, తుమ్ములా విని వదిలేస్తారు. ఒట్టు తీసి గట్టున పెట్టడం అంటారు కదా, శహ్హాత్ దుకాణం ఉన్నది కూడా కాలవ గట్టు మీదే.

అతని చేతి నుంచి వెళ్ళిన బండి తిరిగి రాకపోవడం వల్ల ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ ఒట్టుకు పని పడలేదు. పడింది మెత్వల్లీ బండితో.

మెత్వల్లీ జిఫ్తా నుంచి తంతాకు ఏడు సీట్ల పాత బండి తోలతాడు. శుక్రవారం జుమ్మా నమాజు తర్వాత తప్ప ఆ బండికి విశ్రాంతి లేదు. ఇంజిను ముందువైపు బెల్టు తిప్పే క్రాంకు పుల్లీ దగ్గర ఆయిల్ కారుతోందని, ఆగిన చోటల్లా అరచేయంత మరక పడుతోందని, ఎక్కేవాళ్ళు చూసి ముఖం చిట్లిస్తున్నారని ఒక శుక్రవారం తీసుకొచ్చాడు. శహ్హాత్ రేడియేటర్ దించి, బెల్టు తీసి, పుల్లీ ఊడబెరికాడు. పుల్లీకి వెనక ఒక మెడ ఉంటుంది. అది ఇంజినులోకి దూరే చోట రబ్బరు సీలు దాని చుట్టూ బిగిసి కూర్చుని ఆయిల్‌ని లోపలే ఆపుతుంది. ఆ సీలు ఎండి పెళుసైపోయి ఉంది. తీసి పారేసి కొత్తది కొట్టాడు. కొట్టేముందు, తండ్రి నేర్పిన పద్ధతిలో, పుల్లీ మెడ మీద గోరు అడ్డంగా లాగి చూసుకున్నాడు. నున్నగా ఉంది. ఎక్కడా తగల్లేదు.

"మళ్ళీ కారదు కదా ఉస్తా?" అన్నాడు మెత్వల్లీ.

పక్కన టీ బల్ల మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. నలుగురు వింటుంటే శహ్హాత్ గొంతు దానంతటదే ఒక మెట్టు పైకెక్కుతుంది. "ఒక్క చుక్క కారిందా, నబవియ్యాకి మూడు తలాకులు" అన్నాడు. పెళ్ళాం అని ఊరుకోక పేరు కూడా చెప్పాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్నది ఊరికే అనలేదు. సాయంత్రం అసరు నమాజు వేళకి ఆ మాట శహ్హాత్ ఇంటి సందులోకి వచ్చేసింది.

మంగళవారం మధ్యాహ్నం మెత్వల్లీ వచ్చి శహ్హాత్ ఇంటి కిటికీ కింద నిలబడ్డాడు.

"ఉస్తా, కారుతోంది."

శహ్హాత్ నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. నబవియ్యా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"ఎన్ని చుక్కలు నాయనా?"

"లెక్కపెట్టలేదు ఖాలా. బాగానే కారుతోంది."

"ఒక్కటి చాలన్నాడుగా."

వెనక్కి వచ్చి గిన్నె మీద మూత పెట్టింది, పొయ్యి ఆర్పింది, నాలుగు బట్టలు మూటగట్టుకుంది. వంతెన దాటి తమ్ముడు బయ్యూమీ ఇంటికి వెళ్ళిపోయింది. అరవలేదు, ఏడవలేదు. అరిచి ఉంటే శహ్హాత్ కూడా అరిచేవాడు. ఇద్దరికీ అలవాటే కాబట్టి సాయంత్రానికి సర్దుకునేది.

అతను మసీదుకు పరిగెత్తాడు. షేకు అంతా విని, "నీ ఉద్దేశం విడాకులు కాదు కాబట్టి ఇది తలాక్ కాదు, నోటి దూల. పదిమంది పేదలకు కడుపునిండా పెట్టు. నోరు అదుపులో పెట్టుకో" అన్నాడు. శహ్హాత్ మర్నాడే పదిమందిని కూర్చోబెట్టి అన్నం, మాంసం పెట్టించాడు. అక్కడి నుంచి నేరుగా బయ్యూమీ ఇంటికి వెళ్ళాడు. నబవియ్యా గుమ్మంలో కూర్చుని కూరకి మొలోఖియా ఆకు తుంచుతోంది. ఆ పని కోసమే పెంచుకున్న బొటనవేలి గోరుతో కాడ నుంచి ఆకును చిటుక్కున కోస్తుంది. ఆ గోరు ఎప్పుడూ పసరు రంగులోనే ఉంటుంది.

"షేకు క్షమించాడు" అన్నాడు.

"షేకుని నేనడగలేదు" అంది తల ఎత్తకుండా. "ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో ప్రతి బండి కిందా జాకీకి బదులు నన్ను పెట్టావు. బండ్లు నిలబడ్డాయి కాబట్టి నేనూ నిలబడ్డాను. ఇప్పుడొకటి కిందికి దిగింది."

"ఏం చెయ్యమంటావు మరి?"

"ఆ చుక్క ఆగాలి. ఆగిందని నా కళ్ళతో నేను చూడాలి. అప్పుడొస్తా."

"ఆగకపోతే?"

"నన్నెందుకు అడుగుతావు? నీ ఒట్టుని అడుగు."

"ఆపేస్తానే, లేకపోతే నా పెళ్ళాం తలా..." అంటూ సగంలో నాలుక కరుచుకున్నాడు. లోపల బయ్యూమీ అనవసరంగా దగ్గాడు. నబవియ్యా ఇంకో కాడ అందుకుంది.

రెండో శుక్రవారం తంతా నుంచి తెప్పించిన ఖరీదైన సీలు కొట్టాడు. కొట్టేముందు మళ్ళీ గోరు లాగాడు. మళ్ళీ నున్నగానే ఉంది. ఆదివారానికి మెత్వల్లీ వచ్చేశాడు. ఈసారి బండి కిందికి వేలు చూపించి నిలబడ్డాడు. తంతా దుకాణదారు నకిలీ సరుకు అంటగట్టాడని శహ్హాత్ తిట్టాడు. టీ బల్ల మీద వాళ్ళు తలలూపారు గానీ ఆ ఊపులో నమ్మకం లేదు. ఒకడు తన ట్రాక్టరును వంతెన అవతలి మెకానిక్కు దగ్గరికి తోలుకుపోయాడని కూడా తెలిసింది.

ఆ వారం శహ్హాత్ ఉడికించిన గుడ్లు, నిన్నటి రొట్టె తిని బతికాడు. నిజం చెప్పాలంటే అతనికి భయం వేసింది. తన జీవితంలో తిరిగి చూసుకోకుండా నమ్మినవి రెండే, తన చేయి, తన ఇంట్లో వెలిగే పొయ్యి. రెండూ ఒకే వారంలో చెయ్యిచ్చాయి. చేతిలో పస పోయిందంటే ఆ చుక్క ఎప్పటికీ ఆగదు, ఆమె ఎప్పటికీ రాదు. ఈ లెక్క అతనికి బాగానే అర్థమైంది.

మూడో శుక్రవారం పుల్లీని ఊడబెరికి, కిరసనాయిలుతో కడిగి, వెలుతుర్లో పెట్టి తిప్పి తిప్పి చూశాడు. అరవై ఏడేళ్ళ కళ్ళకు ఇనుము ఇనుములాగే కనిపించింది. గోరు లాగాడు. ఏమీ లేదు. ఇక సీలు కొట్టబుద్ధి కాలేదు. పుల్లీని వార్తాపత్రికలో చుట్టుకుని వంతెన దాటాడు.

"రండి బావా" అన్నాడు బయ్యూమీ. పాపం, అతనికి ఇద్దరి మీదా జాలే. టీ పెట్టించడానికి లోపలికి తప్పుకున్నాడు.

శహ్హాత్ పొట్లం విప్పి, నబవియ్యా పళ్ళెం పక్కనే పుల్లీని పెట్టాడు.

"ఏంటిది, కానుకా?"

"సాక్ష్యం. దీంట్లో తప్పు లేదు. సీలులో తప్పు లేదు. నా పనిలో తప్పు లేదు. అయినా కారుతోంది."

"ముగ్గురూ నిర్దోషులేనన్నమాట. మరి శిక్ష నాకెందుకు పడింది?"

ఆమె ఆకు మీద ఆయిల్ అంటుతుందని పుల్లీని ఎత్తి అవతల పెట్టబోయింది. మెడ దగ్గర పట్టుకుంది. పెట్టలేదు. బొటనవేలిని అటూ ఇటూ కదిపింది.

"ఇక్కడేదో గాడి ఉంది."

"ఏం లేదు. మూడుసార్లు చూశా."

"దేంతో చూశావు?"

"గోరుతో. ఇంక దేంతో చూస్తారు?"

నబవియ్యా పుల్లీ దించి, అతని చేయి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. ఆమె అతన్ని ముట్టుకుని పది రోజులైంది.

"ఏ గోరుతో?" అంది.

శహ్హాత్ తన వేళ్ళు తాను చూసుకున్నాడు. ప్రతి శుక్రవారం పొద్దున, జుమ్మాకు స్నానం చేసేముందు, తండ్రీ తాతల ఆచారం ప్రకారం గోళ్ళు కండ దాకా తీసేస్తాడు. ఒక్క వారం తప్పింది లేదు. మెత్వల్లీ బండి వచ్చేది శుక్రవారం మధ్యాహ్నమే. మిగతా బండ్లను మిగతా రోజుల్లో ఎంతో కొంత పెరిగిన గోరుతో చూసేవాడు కాబట్టి ఈ తిరకాసు ఎన్నడూ బయటపడలేదు. ఈ ఒక్క బండిని మాత్రం లేని గోరుతో, మడమలా మొద్దుబారిన వేలి కొసతో తడిమి, బాగుందని తీర్పు చెప్పాడు. మూడుసార్లు.

ఆమె బొటనవేలు పట్టుకుని పుల్లీ మెడ మీద అడ్డంగా లాగాడు. టిక్కుమంది. మళ్ళీ లాగాడు. మళ్ళీ టిక్కుమంది.

"సీలు అంచు రాసుకుని అరిగింది" అన్నాడు మెల్లగా. "కొత్త సీలు ఏది కొట్టినా దాని అంచు సరిగ్గా ఈ గాడిలోనే పడుతోంది. సందులోంచి ఆయిల్ వస్తోంది."

"రబ్బరు ఇనుముని అరగదీస్తుందా?"

"కాస్త దుమ్ము తోడై, రోజూ అదే చోట రాస్తూ ఉంటే, ఏళ్ళ మీద అరగదీస్తుంది."

నబవియ్యా గాడి మీద ఇంకోసారి గోరు లాగింది.

"అవును, అరగదీస్తుంది" అని ఆకు తుంచడం మొదలుపెట్టింది. బయ్యూమీ తెచ్చిన టీ శహ్హాత్ నిలబడే తాగేశాడు.

అంత పాత బండికి కొత్త పుల్లీ జిఫ్తాలో దొరకదు. దొరకనక్కర్లేదు కూడా. శనివారం పొద్దున్నే శహ్హాత్ ఇంకో కొత్త సీలు తీసుకుని, ఎప్పటిలా అడుగంటా దించకుండా, రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆపి చుట్టూ సమంగా కూర్చోబెట్టాడు. దాంతో రబ్బరు అంచు గాడి పక్కన, ఇంతవరకూ ఏదీ రాయని ఇనుము మీద పడింది. పుల్లీ బిగించి, బెల్టు వేసి, పాత ఆయిల్ దించేసి కొత్తది పోశాడు. అట్టపెట్టె ఒకటి విప్పి ఇంజిను కింద పరిచి, బయ్యూమీ ఇంటికి కబురు పంపాడు.

నబవియ్యా వచ్చి దుకాణం ముందు స్టూలు మీద కూర్చుంది. టీ బల్ల మీద ఆ రోజు చోటు లేదు. శహ్హాత్ ఇంజిను స్టార్ట్ చేశాడు. అరగంట నడిచాక మెత్వల్లీ వంగి చూశాడు.

"ఉస్తా, ఇదిగో చుక్క."

అట్ట మీద ఒకటి పడి ఉంది, శనగగింజంత. అది ఇంజిను నుంచి కారింది కాదని శహ్హాత్‌కు చూడగానే తెలిసింది. ముందు కారిన ఆయిల్ ఇంజిను కింది ఇనపకమ్మీకి పట్టి ఉంది, ఇంజిను అదురుకి అదే జారింది.

"అది పాత ఆయిల్. కమ్మీ మీద నుంచి పడింది" అన్నాడు.

"నిజంగా?"

"నిజంగా."

మెత్వల్లీ అతని ముఖంలోకి అనుమానంగా చూశాడు. "ఒట్టెయ్యట్లేదేంటి ఉస్తా? ఎప్పుడూ వేస్తారుగా."

టీ బల్ల మీద గ్లాసుల చప్పుడు ఆగింది. చెప్పింది నిజమే. జీవితంలో ఇంత నిజం మీద అతను ఎన్నడూ ఒట్టు వేయలేదు. మాట నాలుక చివర దాకా వచ్చింది. నబవియ్యా అతని వైపు చూడటం లేదు, చుక్క వైపు చూస్తోంది. శహ్హాత్ ఆ మాటను మింగేశాడు.

"నమ్మితే తీసుకెళ్ళు. కారితే తీసుకురా, మళ్ళీ విప్పుతా. అంతే."

నబవియ్యా లేచి వచ్చింది. వంగి చుక్కను బొటనవేలి గోరుతో ఎత్తి ఎండలో పట్టుకుంది. నల్లగా ఉంది. పొద్దున పోసిన ఆయిల్ తేనె రంగు. గోరును అట్టకు తుడిచి, "పాతదే" అంది. మూల ఉన్న గుడ్డ తెచ్చి ఆ కమ్మీని తనే శుభ్రంగా తుడిచింది. అట్టను తిరగేసి మళ్ళీ కింద పెట్టి, స్టూలు మీదికి వెళ్ళి కూర్చుంది.

ఇంకో గంట ఇంజిను నడిచింది. అట్ట పొడిగా ఉంది. మెత్వల్లీ తానే దాన్ని లాగి, ఎత్తి అందరికీ చూపించి, బండెక్కి తంతా రోడ్డు పట్టాడు.

నబవియ్యా గట్టు మీద నిలబడింది. కుడివైపు వంతెన, అటు తమ్ముడి ఇల్లు. ఎడమవైపు గట్టు వెంట పోతే శహ్హాత్ ఇల్లు. శహ్హాత్ రెంచీలు సర్దుతున్నట్టు నటిస్తున్నాడు. ఆమె వచ్చి చెయ్యి చాపింది.

"తాళం."

జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె ఎడమవైపు తిరిగింది. ఏదైనా అనాలనిపించింది అతనికి. ఎంత సంతోషంగా ఉందో చెప్పాలంటే అతనికి తెలిసిన గట్టి మాట ఒక్కటే. అది ఇక పనికిరాదు.

"చూసి నడువు" అన్నాడు వెనక నుంచి. "అక్కడ ఆయిల్ ఉంది."