కోడలి రోగం

పుట్టింటి నుంచి రోగం తెచ్చిందని నాగలక్ష్మమ్మ కోడలు రోహిణిని సిరిగేరిలోని ఆ పుట్టింటికే పంపేసి నాలుగు నెలలైంది. ఊరికే పంపిందా? ఆ పిల్ల పళ్ళెం, లోటా, పరుపు అన్నీ వెనకాలే తమ లారీలోనే వేయించింది.

ఇప్పుడు నాగలక్ష్మమ్మకే దగ్గు తిరగబెట్టింది. "పోతా పోతా నాకూ అంటిచ్చి పోయింది" అని తాముండే గాంధీనగర్‌లో గడప గడపకూ చెప్పుకుంది. అది రుజువు చేసుకుందామనే ఇవాళ బ్రూస్‌పేటలో డాక్టరు సిద్దేశ్ ముందు కూర్చుంది.

"మీ కఫం, సిరిగేరి నుంచి తెప్పిచ్చిన రోహిణి కఫం రెండూ బెంగళూరు ల్యాబుకు పంపిస్తినమ్మా" అన్నాడు డాక్టరు. "రెండేండ్ల కింద మీరిచ్చిన కఫంలోని క్రిములు కూడా ఆడ దాచిపెట్టినారు. మూడిటినీ పోల్చినారు. టీబీ క్రిమి తరాలు మారేకొద్దీ దాని జన్యువుల రాతలో యాడో ఒక అక్షరం మారతాది. మీ పాత క్రిమి మాత్రలకు చచ్చేదే. ఇప్పుడు మీలో ఉండేదానికి రెండు మార్పులొచ్చినాయి, అందుకే మాత్రలకు లొంగదు. రోహిణి క్రిమిలో ఆ రెండూ ఉండాయి, పైన ఇంకొకటి సొంతానిది."

"అంటే ఏందప్పా?"

"మీది తల్లి, ఆమెది బిడ్డ. మాత్రలు నడిమధ్యలో నిలిపితిరా?"

నిలిపింది. అసలు రోగం ఉన్నట్టే ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మాత్రలేసుకుంటే మూత్రం ఎర్రగా వచ్చేది. కొడుకు పెళ్ళి దగ్గర పడింది, ఇంటి నిండా చుట్టాలు. ఎవరి కంట పడినా సంబంధం చెడిపోతుందని రెండు నెలలకే ఆపేసింది. దగ్గు తగ్గింది కదా అని సర్దిచెప్పుకుంది కూడా. లోపల మెత్తని క్రిములు చచ్చాయి, మొండివి మిగిలి పిల్లల్ని పెట్టాయి. ఇనుప ఖనిజం మోసే లారీల ఎర్రదుమ్ము రాకుండా కిటికీలన్నీ మూసిన ఆ ఇంట్లో కొత్త కోడలు రోజూ పక్కన కూర్చుని ఆమె కాళ్ళు పట్టేది. నాగలక్ష్మమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మీ సంగతి ఆ పిల్లకు నేను చెప్పకూడదు. మీరే చెప్పాల" అన్నాడు డాక్టరు.

బయట కారులో కొడుకు హర్ష ఎదురుచూస్తున్నాడు.

"ఏమన్యాడు మా? దానిదేనా?"

"కాదురా, నాదే. నీ పెండ్లికి ముందునుంచే ఉండాది. నానుంచే దానికి పోయింది. కారు సిరిగేరికి తిప్పు. కాళ్ళు పట్టుకోనైనా పిల్చుకొస్తా."

హర్ష ఆమె చేతిలోని రిపోర్టు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"లాయరు నోటీసు పోయి నెలయింది మా. రోగం దాచి పెండ్లి చేసినారని రాపిచ్చింది నువ్వే కదా? ఇప్పుడు నీదంటే కేసు మన మీదికే తిరుగుతాది. ఎవురికీ చెప్పొద్దు. దానిదని అనుకున్నారు కదా, అట్లే అనుకోనీ."

దాచడం వాడికి నేర్పింది ఎవరు, తనే కదా అనుకుంది నాగలక్ష్మమ్మ.

"ఆ అద్దం ఎత్తు మా, దుమ్ము వస్తాంది" అంటూ హర్ష కారును గాంధీనగర్ వైపు తిప్పాడు.

ఆమె అద్దం ఎత్తింది. ఆ వెంటనే దగ్గు వచ్చింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొడుకుకు దూరంగా తలుపుకు అతుక్కుపోయి కూర్చుంది. ఇల్లు చేరేదాకా దగ్గు ఆగలేదు.