బెంచీ మీద వెలితి

స్టూడియో బెంచీ మీద అమ్మ ఓ పక్కకు ఒదిగి కూర్చుంది. “మధ్యలో కూర్చోమ్మా, వెలితిగా ఉంటుంది,” అని కూతురు ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆవిడ మొండితనం తెలిసిందేగా అని కూతురు బటన్ నొక్కేసింది.

నాన్న పోయాక ఫోటోలు కడిగే డార్క్‌రూమ్ కూతురిదే అయింది. కడిగిన నెగటివంతా మసగ్గా ఉంటే తన చేతకానితనమే అనుకుంది. ఇప్పుడు ఎర్రలైటు కింద, ట్రేలోని మందునీళ్లలో కాగితాన్ని మెల్లగా ఊపుతోంది. ముందు అమ్మ ముఖం తేలింది. తర్వాత, వెలితిగా ఉండాల్సిన చోట, పల్చగా నాన్న.

చటుక్కున ట్రేలోంచి చెయ్యి తీసేసింది. కాసేపటికి తేరుకుని తనను తానే తిట్టుకుంది. లైటు సరిచూసుకోడానికి నాన్న ఆ బెంచీ మీద తానే కూర్చుని ఫోటో తీసుకునేవాడు. వాడిన రీలును కూడా కొత్తదానిలాగే కొస బయటికి ఉంచి చుట్టేవాడు. తను దాన్నే కొత్తదనుకుని కెమెరాలో వేసింది. ఒకే ఫిల్ము మీద రెండు ఫోటోలు పడ్డాయి. దయ్యం లేదు, గియ్యం లేదు.

తడి ఆరకముందే ఫోటో తీసుకెళ్లి అమ్మకు చూపించి, ఆ పొరపాటంతా విడమరిచి చెప్పింది.

అమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

“ఏమోనే, ఆ రీళ్ల గొడవ నాకు తెలీదు. ఆ రోజు ఆయన జరగమన్నారు, జరిగాను.”