రెప్ప పడని నిద్ర

"అమ్మ రెండుసార్లు పిలిసింది," అన్నాడు దయాసాగర్, బ్రష్షు మీద పేస్టు పెట్టుకుంటూ. "నువ్వు లెగలేదు."

పెరట్లో అత్తగారి దుప్పటి, చీర బక్కెట్లో వేసి సబ్బుపొడి కలుపుతోంది ఎస్తర్ రాణి. అప్పటికింకా ఆరు కాలేదు. రాత్రి పక్క తడుపుకున్న కరుణమ్మ పొడి చీర కట్టుకుని వసారాలో కుర్చీలో కూర్చుంది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషికి అంతకు మించిన అవమానం ఉండదు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కోడలి మీద పెట్టింది.

"కళ్ళకి గంతలు కట్టుకుని తొంగుంటే ఎలా లెగుత్తాది? గానుగెద్దుకి కట్టినట్టు కట్టుకుంది."

గానుగెద్దుకి కట్టేది తిప్పడానికి, నేను కట్టుకున్నది పడుకోడానికి అందామనుకుంది ఎస్తర్ రాణి. అనలేదు. మొగుడి వైపు తిరిగింది.

"రెండుసార్లు పిలిచారని మీకెలా తెలుసు?"

"ఇన్నాను. రెండింటికోసారి, మళ్ళీ రెండుంపావుకోసారి."

"మరి మీరు లేవలేదేం?"

దయాసాగర్ బ్రష్షు నోట్లోంచి తీసి ఆమెను వింతగా చూశాడు. "నిన్ను గదా పిలిసింది!"

ఆ మాటలో వెటకారం లేదు. అబద్ధమూ లేదు. తల్లి కోడలి పేరు పెట్టి పిలిచింది. కొడుకు విన్నాడు. పిలుపు తనది కాదు గనక గోడవైపు తిరిగాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే మనిషి ఆయన. కాగితం మీద ఎవరి పేరుంటే పూచీ వాళ్ళది. గడియారం కూడా చూశాడు. తల్లి తడిలో పడుందని తెలిసీ తెల్లారేదాకా పడుకున్నాడు.

ఎస్తర్ రాణి దుప్పటి పిండింది. ఆ పూట ఇంట్లో చెప్పుకోవాలనుకున్న కబురు ఆమె దగ్గర ఒకటుంది. మూడేళ్ళ తర్వాత మొదటిసారి ఆ పొద్దున్న కళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి. రోజూ అయితే రెప్పలు అతుక్కుపోయి ఉంటాయి. తడిగుడ్డ అద్ది, వేలితో మెల్లగా విడదీసుకోవాలి. విడదీశాక ఇసుక పోసి రుద్దినట్టుంటుంది. ఆ మంటతోనే పొయ్యి వెలిగించి, ఆ మంటతోనే టిఫిన్ డబ్బా కట్టి ల్యాబుకెళ్ళేది. ఈ పొద్దున్న కళ్ళు తెరిచి చూస్తే ఫ్యాను రెక్కలు మూడూ విడివిడిగా కనపడ్డాయి. ఆ సంతోషం పక్కగదిలోకి వెళ్ళేదాకానే.

పది రోజుల కిందట విశాఖపట్నంలో కంటి డాక్టరమ్మ అడిగింది. "రాత్రిళ్ళు మీ రెప్పలు పూర్తిగా మూసుకుంటాయా?"

"నిద్రలో ఉంటాను గదండీ, నాకెలా తెలుస్తుంది?"

"మీ వారిని అడగండి."

బయట బెంచీ మీద కూర్చున్న దయాసాగర్‌ని పిలిచి అడిగితే, ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండానే చెప్పాడు. "మూసుకోవండి. సగం తెరుసుకునే ఉంటాయి. పెళ్ళయిన కాడ్నించీ అంతే."

పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఒక్కసారి కూడా ఆమెతో అనలేదు. డాక్టరమ్మ దీపం వేసి చూపించింది. కుడికంటి నల్లగుడ్డు కింది అంచున పుండు. ఇప్పటికి అంచున ఉంది. ఇలాగే రాత్రంతా గాలికి ఎండితే నడిమికి పాకుతుంది. నడిమిన మచ్చ పడితే మందులకు పోదు. పడుకోబోయే ముందు ఆయింట్‌మెంట్ రాసుకుని, కళ్ళకి మాస్కు పెట్టుకోవాలి. ఈతకు వాడే అద్దాల మాదిరిగా ఉంది. కంటి చుట్టూ మెత్తటి రబ్బరు అంచు, లోపలికి గాలి చొరదు. కంటి తడి కంట్లోనే నిలుస్తుంది. తెల్లారేదాకా తియ్యకూడదు. మధ్యలో తీసి ఫ్యాను కింద తిరిగితే పెట్టుకోనట్టే. తెప్పించిన మాస్కు నిన్ననే చేతికొచ్చింది, పెట్టుకున్న మొదటి రాత్రే పిలుపులు వినపడనంత నిద్ర పట్టింది.

తిరుగు బస్సులో అనకాపల్లి దాటేదాకా ఆమె పాత రాత్రులు లెక్కేసుకుంటూ కూర్చుంది. ఇరవై రెండేళ్ళు ఒక్కో రాత్రే ముందుకొచ్చాయి. పెళ్ళయిన కొత్తలో మామగారు మంచినీళ్ళకి లేపి, "కళ్ళు తెరుసుకునే ఉన్నావు గదమ్మా అని పిలిసాను," అనేవాడు. ఆయన పోయాక అత్తగారు అదే మాట. కూతురు పరిమళ పరీక్షలప్పుడు టీ కోసం అదే మాట. మొగుడికి అవసరమైనప్పుడూ అదే మాట. తన నిద్రే అంత పల్చనిదనుకుంది ఆమె. ఎవరి అడుగు వినపడినా మేలుకుంటున్నానేమో అనుకుంది. చర్చిలో స్త్రీల కూటంలో కరుణమ్మ గొప్పగా చెప్పేది. "మా కోడలు నిద్దట్లో కూడా మెలకువే. దేవుడిచ్చిన వరం." అందరూ మెచ్చుకున్నారు. తనూ తలవంచుకుని సంతోషించింది. ఒళ్ళు తెలియని నిద్రలో ఉన్న మనిషిని, రెప్ప పడలేదన్న ఒక్క సాకు మీద, ఇంటిల్లిపాదీ వాడుకున్నారు. అది నిద్రేనని తెలిసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ ఫోను చూసుకుంటున్నాడు.

దుప్పటి ఆరేసి ఎస్తర్ రాణి ల్యాబుకి వెళ్ళింది. మెయిన్‌రోడ్డు మీద, మందుల షాపు పైన ఉంటుంది అది. ఏజెన్సీ వైపు నుంచి జ్వరాలతో వచ్చేవాళ్ళ రక్తం స్లైడు మీద పూసి మైక్రోస్కోపులో మలేరియా చూడటం ఆమె పని. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. కిందటి నెల ఒక చిన్నపిల్ల స్లైడులో పురుగు ఆమెకు కనపడలేదు. లేదని రాసింది. మర్నాడు జ్వరం తగ్గక మళ్ళీ తెస్తే ఇంకొకరు చూసి ఉందన్నారు. పిల్ల బతికింది. ఆ రోజు నుంచి ఆమె ప్రతి స్లైడూ రెండుసార్లు చూస్తోంది.

ల్యాబు యజమాని గోపీకృష్ణ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏటి మేడం, కళ్ళు ఎలాగున్నాయి? కళ్ళజోడు మారుత్తారా, కుర్చీ మారుత్తారా?"

"అంటే ఏంటి సార్?"

"రిసెప్షన్‌లో ఖాళీ ఉంది. ఫోన్లు ఎత్తడానికి కళ్ళతో పనిలేదు గదా. మీ మంచికే సెప్తన్నాను. నెల సూత్తాను."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఎస్తర్ రాణి కంట్లో చుక్కలు వేసుకుని మైక్రోస్కోపు మీదికి వంగింది. నెల అంటే ముప్పై రాత్రులు. అందులో ఒకటి అయిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మాస్కు తలగడ కింద లేదు. మంచం కింద లేదు. వంట చేస్తూనే ఇల్లంతా వెతికింది. తొమ్మిదింటికి దయాసాగర్ అన్నానికి కూర్చున్నాడు.

"నా మాస్కు చూశారా?"

"బీరువాలో ఎట్టాను."

"బీరువాకి తాళం వేసుంది."

"వేసానులే. కొన్నాళ్ళు ఆగు. రాత్రికి అమ్మని సూసుకోడానికి ఎవరైనా దొరుకుతారేమో కనుక్కుంటాను. అందాకా చుక్కలు వేసుకో, సాల్దా?"

"చాలదు. డాక్టరమ్మ మీ ఎదురుగానే చెప్పింది."

"డాక్టర్లు సెప్తారు. ఇంట్లో ముసల్ది పక్క తడుపుకుంటంటే నీకు మాస్కు ముఖ్యమా? కూర ఎయ్యి."

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. చెయ్యి చాపింది. "తాళం ఇవ్వండి."

"అన్నం తింటన్నాను రాణీ."

"తినండి. ఇచ్చి తినండి."

చెయ్యి దించలేదు. అరవలేదు. ఏడిస్తే ఆయనకు తేలిక, రెండు మాటలని పడుకోబెట్టేవాడు. ఆమె కుడికన్ను ఎర్రగా, నీరు కారుతూ ఆయన్నే చూస్తోంది. పళ్ళెంలో అన్నం పొడిగా ఉంది. దయాసాగర్ రెండు ముద్దలు అలాగే మింగాడు. మూడోది దిగలేదు. ఎడమచేత్తో జేబులోంచి తాళం తీసి బల్ల మీద పడేశాడు. "పిచ్చి పట్టింది నీకు," అన్నాడు. ఆమె తాళం తీసుకున్నాకే కూర వేసింది.

ఆ తర్వాత అత్తగారి గదిలోకి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. కరుణమ్మ మొహం తిప్పుకుంది.

"అత్తయ్యా, రాత్రి మీకు లేవాలనిపిస్తే మీ అబ్బాయిని పిలవండి."

"మగోడ్ని లేపుతానేటి? పొద్దున్న ఆఫీసుకెల్లొద్దా?"

"నేనెక్కడికెళ్తున్నాను పొద్దున్న, సినిమాకా?"

కరుణమ్మ తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించి అంది. "కన్నకొడుకు సేత బాత్రూముకి తీసుకెళ్ళించుకుంటే సిగ్గు కాదేటే?"

"లోపల పని మీరే చేసుకుంటారు. తలుపు దాకా ఓ చెయ్యి, ఓ లైటు. ఇన్నాళ్ళూ నేను చేసిందీ అదే. ఆరడుగులు."

"నీ పేరే వత్తాది నోటికి. అలవాటయిపోయింది."

"నా కన్ను పోతోంది అత్తయ్యా."

ముసలామె ఈసారి తిరిగి చూసింది. కోడలి కళ్ళలోకి, బహుశా మొదటిసారి, దగ్గరగా చూసింది. దుప్పటి లాక్కుంది.

ఎస్తర్ రాణి ఆయింట్‌మెంట్ రాసుకుని మాస్కు పెట్టుకుంది. పట్టీ బిగించి, అంచు చుట్టూ వేలు పోనిచ్చి, సందు లేదని చూసుకుంది. పక్కన దయాసాగర్ ఫ్యాను అయిదు మీద పెట్టి నడుం వాల్చాడు. గాలి నుదుటికి తగిలింది, చేతులకు తగిలింది, కళ్ళకు తగల్లేదు. ఎప్పుడు నిద్రపట్టిందో ఆమెకు తెలియదు.

"ఎస్తేరూ!"

మెలకువ వచ్చింది. ఎంత రాత్రయిందో తెలియదు. చీకటిలో చీకటి. కాళ్ళు వాటంతటవే మంచం దిగబోయాయి. వెనక్కి లాక్కుంది. ఇప్పుడు లేస్తే ఈ రాత్రితో పోదు. రేపూ లేవాలి, ఎల్లుండీ లేవాలి, మచ్చ పడ్డాక కూడా లేవాలి. లేవకపోతే ముసలామె మళ్ళీ తడిలో పడుకోవాలి. ఆ పాపం ఎవరిదని పొద్దున్న అందరూ తననే చూస్తారు.

పక్కన దయాసాగర్ ఊపిరి ఒక్క క్షణం ఆగింది. తర్వాత గురక మొదలైంది. ఇరవై రెండేళ్ళు ఆ మనిషి పక్కన పడుకున్న ఆడది ఆమె. ఆయన గురక పైకి లేచి, మధ్యలో తెగి, మళ్ళీ అందుకుంటుంది. ఇది తెగడం లేదు. కొలిచి తీస్తున్నట్టు, ఒకే తీరుగా వస్తోంది.

"ఎస్తేరూ... బేగి రాయే..." కరుణమ్మ మంచం కిర్రుమంది.

ఎస్తర్ రాణి మాస్కు తియ్యలేదు. వెల్లకిలా పడుకునే, పక్కగది దాకా వినపడేటట్టు గొంతెత్తింది.

"అత్తయ్యా, మీ అబ్బాయి మెలకువగానే ఉన్నారు. ఆయన్ని పిలవండి."

గురక ఆగిపోయింది.